నాపరాయి కింద చెక్క

కారంపూడి దాటాక టీకొట్టు దగ్గర బండి ఆపాం. అందరికంటే ముందు మా బావమరిది లోపలికి ఎక్కాడు. రెండో నిమిషంలో వాడి కుడికాలు నా క్యారవాన్ అడుగులోంచి కిందికి దిగిపోయింది. పైనున్న నాపరాయి రెండు ముక్కలైంది. దాని కింది చెక్క విరగను కూడా లేదు, తడిసిన అట్టలా చిరిగింది. "బావా, నా కాలు! నా కాలు ఏదయ్యా?" అని వాడు లోపల అరుస్తుంటే, బయట బండి కింద వేలాడుతున్న పాదాన్ని చూసి టీ తాగుతున్న ఒకాయన నవ్వాడు. ఎముక రెండు చోట్ల విరిగింది.

పదకొండేళ్లుగా నేను మోస్తున్నది ఆ కాలిని కాదు. అది విరిగిన గంటకు ఆడిన అబద్ధాన్ని. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి. ఇందులో ధైర్యమేమీ లేదు.

క్యారవాన్ అంటే జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల గది. హైదరాబాదులో ఎవరో వదిలించుకున్న పాతది. నరసరావుపేటలో అలాంటిది ఇంకెవరికీ లేదు. నేను కొనడానికి అంతకుమించిన కారణం లేదు. అప్పుడు నేను ఒక పత్రికకు విలేకరిని. ఊళ్లోవాళ్ల ఆడంబరాల మీద వెటకారాలు రాసి పేరు తెచ్చుకున్నవాణ్ని. బండి లోపల సోఫాలను ఎలుకలు కొట్టేశాయి. పైకప్పు కారి గోడల పొడుగునా నీటి చారలు దిగాయి. సాగర్ ఒడ్డున మకాం వేస్తామని పదిమందికి చెప్పుకుని, తేదీ కూడా ప్రకటించేసి, అప్పుడు వడ్రంగి కోటయ్యను పిలిచాను.

మా వైపు కొత్త ఇంటికి ద్వారబంధం నిలబెట్టాలంటే కోటయ్యే రావాలి. పనితనం ఒక్కటే కాదు, ఆయన చెయ్యి మంచిదని నమ్మకం. ఆ చేత్తో గడప పెడితే ఇల్లు నిలబడుతుందంటారు. ముహూర్తానికి కొత్తబట్టలు పెట్టి, తాంబూలమిచ్చి మరీ పంపేవారు. దీన్నీ ఒకసారి నేను వెటకారంగా రాశాను.

మూడోరోజు ఆయన బండి అడుగున పరిచిన పాత పట్టా లేపి, కింది చెక్కలో ఉలి గుచ్చాడు. పిడి దాకా దిగింది.

"ఇదంతా పీకాల్సిందే సార్. చానా కుళ్లింది. పది రోజులు పడుద్ది."

"పైన నాపరాళ్లు పరిపిస్తున్నా గదా. కింద ఏముంటే ఏంది?"

"రాళ్లేంది సార్? ఇదేమన్నా వసారానా? నడిచే బండి. కొత్త చెక్కేసి పైన పల్చటి షీటు పరిస్తే సరి."

"మాచర్ల రాయి పక్కనే పెట్టుకుని ప్లాస్టిక్ మీద నడవమంటావా?"

"అట్టయితే ఇంకో నాలుగు రాళ్లు తెప్పించండి సార్. దారిలో అరుగు కూడా కట్టుకోవచ్చు."

రాళ్లు పరచడానికి వచ్చిన తాపీ మేస్త్రి పగలబడి నవ్వాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూసి నవ్వారు. ఊరందరినీ నవ్వులపాలు చేసే నన్ను ఒక వడ్రంగి నా వాకిట్లోనే నవ్వులపాలు చేశాడు. "చెప్పింది చెయ్యి" అన్నాను. ఆయన ఉలి తుడుచుకుని, "మీ బండి సార్, మీ ఇష్టం" అన్నాడు. ఆ మాట తర్వాత అడుగు జోలికి రాలేదు. అల్మారాలూ మడత మంచాలూ మాత్రం శ్రద్ధగా చేశాడు. కారంపూడి దాకా అన్ని కుదుపుల్లోనూ ఆయన బిగించిన తలుపు ఒక్కటి కూడా తెరుచుకోలేదు. అది నేను గమనించాను. గమనించడమే కదా నా వృత్తి.

ఆసుపత్రిలో మంచం మీదినుంచి బావమరిది అడిగాడు: "కింద చెక్క కుళ్లిందని ఎవరూ చూళ్లేదా బావా?"

"కొత్తది వెయ్యమన్నా. కోటయ్య వెయ్యలా."

అంతే. ఎంత సులువుగా వచ్చిందో! మర్నాడు నాలుగు వరుసల వార్త కూడా రాశాను, వడ్రంగి నిర్లక్ష్యమని. పేరు వేయలేదు. దాన్ని అప్పట్లో సంస్కారమనుకున్నాను. ఊళ్లో ఉన్న క్యారవాన్ ఒక్కటి, దానికి పనిచేసిన వడ్రంగి ఒక్కడు. పేరెందుకు?

సారే వద్దన్నాడని కోటయ్య కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడట. "పేపరోడు అబద్ధం రాస్తాడా ఏంది?" అన్నారట వాళ్లు. రాస్తాడని నాకు తెలుసు. రాళ్లు పరిచిన మేస్త్రికీ తెలుసు, కానీ నోరు విప్పితే ఆ నేరం తన మెడకు చుట్టుకుంటుందని ఊరుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకెక్కడిది?

తర్వాత జరిగింది నేను ఊహించలేదని చెప్పుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమేనేమో. "వాడు బండికి చెయ్యేస్తేనే కాలిరిగింది, ఇంక గడప పెడితే ఏమవుద్దో" అన్నారు జనం. పనితనం మీద అనుమానమైతే ఇంకో పని చూపించి పోగొట్టుకోవచ్చు. చెయ్యి మంచిది కాదన్నాక దేన్ని చూపిస్తాడు? ద్వారబంధాలకు పిలుపులు ఆగిపోయాయి. మూఢనమ్మకమని నేను వెక్కిరించిన దానితోనే ఆ మనిషిని కొట్టాను. స్లాబులకు చెక్కలు బిగించే సెంట్రింగ్ పనికి పోవడం మొదలుపెట్టాడు. ఎండలో అందరిలో ఒకడిగా, ఎవరి చెయ్యో ఎవరూ అడగని పని అది.

ఎందుకు చేశాను? అత్తవారి ముందు పరువు కోసమా, కోటయ్య చేసిన ఆ ఎగతాళికి బదులు తీర్చుకోవడానికా? భయంతో చేశానంటే కొంచెం మర్యాదగా ఉంటుంది. కానీ ఆ నాలుగు వరుసలు రాస్తున్నప్పుడు నాకు సంతోషం కలిగిన మాట నిజం. వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను.

పోయిన మాఘంలో కోటయ్య రెండు గదుల ఇల్లు మొదలుపెట్టాడు. ద్వారబంధం నిలబెట్టే రోజు నేను అటుగా వెళ్లాను. చూడాలనే వెళ్లాను. ద్వారబంధాన్ని చెక్కింది ఆయనే, చూడగానే తెలుస్తుంది. నిలబెట్టడానికి మాత్రం శావల్యాపురం నుంచి వేరే మనిషి వచ్చాడు. కోటయ్య ముందుకు రాబోతే కోడలు మెల్లగా, "నువ్వు ఇట్టా పక్కకు రా మావా" అంది. ఆయన పక్కకు జరిగాడు. కొత్తబట్టలు ఆ వచ్చినతనికి పెట్టారు. కోటయ్య నన్ను చూశాడు. ఆయన తన చేతుల్ని చూసుకున్నాడని రాస్తే వాక్యం అందంగా ఉంటుంది. చూసుకోలేదు. పిలిచినవాళ్లకు మజ్జిగ పోయడానికి లోపలికి వెళ్లాడు.

ఇదంతా రాశాక ఛాతీ తేలికైంది. ఆ తేలికంతా నాకే, ఆయనకు ఇందులో చిటికెడు కూడా అందదు. ఇక్కడ కూడా నా పేరు వేయలేదు, చూశారా?

ఆ వార్తకు సవరణ ఇంతవరకు పడలేదు. మా బావమరిది కుంటుతూ మెట్లెక్కిన ప్రతిసారీ కోటయ్యనే తిడుతున్నాడు.