మా నాన్న విడిపించిన మడి

మొన్న ఆదివారం జయపురంలో దివ్యపూజకు వెళ్లి, మోకాళ్ల నొప్పి వల్ల వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆ రోజు లేవీకాండం చదివారు. భూమి దేవుడిదనీ, పేదరికంలో ఎవరైనా పొలం వదులుకుంటే దగ్గరి బంధువు దాన్ని విడిపించాలనీ ఉన్న భాగం. కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు, క్రీస్తు మనకు బంధువై మన ఆత్మల్ని విడిపించడానికి ఇది గుర్తు అని చక్కగా వివరించారు. ఆయన తప్పేమీ చెప్పలేదు గానీ నాకు మాత్రం కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. మన కాలం వాళ్లెవరైనా పక్కనుంటే చెయ్యి గిల్లి, మరి మడి సంగతేమిటని అడిగేదాన్ని.

మాది గుణుపురం దగ్గర పల్లె. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడి, ఆ తర్వాత గుళ్లో జ్ఞానస్నానం పొందిన రైతు కుటుంబం. ఫాదర్‌గారు ఎప్పుడో గాని వచ్చేవారు కాదు కాబట్టి, మిగతా ఆదివారాలు నాన్నే ఉపదేశిగా ప్రార్థన నడిపి పాఠం చెప్పేవాడు. మాకున్న మంచి భూమల్లా గెడ్డ వాగు పక్కన వరి మడే. అది కరువు ఏట మా తాత ధాన్యం కొలిచి ఒక సవర గిరిజన రైతు దగ్గర తీసుకున్నది. ఊరందరికీ తెలిసిన సంగతే, ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ రైతు కోడలు, భర్త పోయినావిడ, మా గుడికే వచ్చేది. ఆవిడ కొడుకు జ్ఞానస్నానానికి నాన్నే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. మనలో ఆ బంధుత్వం ఎంత గట్టిదో మీకు చెప్పక్కర్లేదు. అప్పటినుంచి ఆవిడ మా అమ్మను వదినా అని పిలిచేది, పనసపండు కోస్తే సగం మా ఇంటికే తెచ్చేది. అంతా తెలిసి కూడా నాన్న ఒక ఆదివారం ఉత్సాహంకొద్దీ ఈ పాఠమే ఎత్తుకుని, దగ్గరి బంధువు చూస్తూ ఊరుకోకూడదని బల్ల గుద్ది మరీ చెప్పాడు. అందరూ వెళ్లాక ఆవిడ మాత్రం కదల్లేదు.

"బావు, నా కొడుక్కి నువ్వు జ్ఞానతండ్రివి కదేటి? మరి ఆడి మడి ఎవులు ఇడిపిస్తారు?" అంది, మెల్లగానే.

ఆ వేసవంతా మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. నాన్న కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవాడు, మడి గట్టు దాకా వెళ్లి వచ్చేవాడు, వచ్చిన కాళ్లతోనే మళ్లీ బయలుదేరేవాడు. ఆదివారం పాఠం మొదలుపెట్టి మధ్యలో ఆపేసేవాడు. ఆ మడి పోతే మాకు మిగిలేది రాళ్ల మెట్టే. పిల్లలం చూస్తే ఇంటి నిండా ఉన్నాం. పిల్లల నోట్లో ఏం పెడతావని అమ్మ రోజూ గొడవపడేది, అందులో అన్యాయమూ లేదు. తొలకరి పడ్డ రోజున ఆ అమ్మే వాకిట్లో నిలబడి, "ఆళ్ల మడి ఆళ్లకిచ్చీ. నువ్వు తినవు, మమ్మల్ని తిన్నీవు" అంది. అది కోపమో జాలో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్న ఎడ్లు తోలుకెళ్లి ఆ మడి ఒక చాలు దున్ని, నాగలి మేడి ఆవిడ కొడుకు చేతికిచ్చి వచ్చేశాడు.

మరుసటి ఏడు మేం జయపురం చేరాం, నాన్న రైసుమిల్లులో పనికి కుదిరాడు. ధాన్యం బస్తా కనబడితే అమ్మ మొహం తిప్పుకునేది. నాన్న మాత్రం కూలి అన్నమే కడుపునిండా తినేవాడు.

మొన్న పూజయ్యాక ఈ కథ ఫాదర్‌గారికి చెబుదామని గుమ్మం దగ్గర ఆగాను. పాఠం బాగుందా అమ్మా అని ఆయనే నవ్వుతూ అడిగారు. బాగుందని చెప్పి వచ్చేశాను గానీ, అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఈ రోజుల్లో ఆ పాఠం విని అందరం కళ్లు మూసుకుని దండం పెట్టుకుని ఇళ్లకు పోతున్నాం. మా నాన్న చదివిన ఏడు, ఒక ఇంటికి మడి తిరిగొచ్చింది, ఇంకో ఇంటి పొయ్యి ఊరు మారింది.