కాశయ్య ఎడమ చెయ్యి

ఇబ్రహీంపట్నం ఆటో స్టాండులో ఎవరి బండి డీజిల్ ఎక్కువ తాగినా ముందు కాశయ్య దగ్గరికే వచ్చేవాళ్ళు. మెకానిక్ దగ్గరికి పోవడం ఆ తర్వాతి మాట. కాశయ్య బండి మూత తెరిచి చూసేవాడు కాదు. "జర ఆ మలుపు దాకా తోలి రా" అని పంపించి, చప్పుడు వింటూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. బండి తిరిగొచ్చాక తీర్పు చెప్పేవాడు. "బండికి ఏ రోగం లేదు. నీ చేతికే ఆత్రమెక్కువ."

బోరు ఎండిపోయి సేద్యం మానుకున్న ఇంట్లోంచి, మీసాలు సరిగ్గా రాకముందే వచ్చి ఆటో ఎక్కినవాడు. అప్పటినుంచీ అతనికి పొదుపే చదువు, పొదుపే గొప్ప. స్టాండులో అతన్ని పిలిచేదే మైలేజీ కాశయ్య అని. సీటు కింద అక్కర్లేని పానా ఒక్కటున్నా బరువని తీసి ఇంట్లో పారేసేవాడు. పొద్దున్నే టైర్లను బొటనవేలితో నొక్కి చూడందే టీ తాగేవాడు కాదు. అయితే అతని అసలు విద్య అంతా పల్లంలో ఉండేది. రోడ్డు దిగుడు పట్టగానే ఎడమ చేత్తో న్యూట్రల్ కొట్టి, ఇంజన్ ఆపేసేవాడు. అప్పటిదాకా గడగడలాడిన బండి ఒక్కసారిగా నోరు మూసుకుని జారిపోయేది. చిక్కేమిటంటే, ఆ గోలకు తగ్గట్టు గొంతు చించుకుని మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళ ఇంటిగుట్టు ఆ నిశ్శబ్దంలో రోడ్డంతా వినపడేది. ఎవరి అత్త ఎవరిని ఏమన్నదో తెలుసుకోవాలంటే కాశయ్య ఆటో ఎక్కి పల్లం దాకా ఓపిక పడితే చాలు.

ఆ పాత బండి పొగ తప్ప ఇంకేమీ ఇవ్వలేని స్థితికి వచ్చాక, అందరూ కొంటున్నారని అతనూ కరెంటు ఆటో కొన్నాడు. గేర్లు లేవు, క్లచ్ లేదు. కుడిచేతి పిడి తిప్పితే పోతుంది. ముందుకు, న్యూట్రల్, వెనక్కి అని ఎడమ చేతి దగ్గర ఒక స్విచ్చి. "గిదేం బండే, పిల్లలాడుకునే బొమ్మ లెక్కున్నది" అని పెదవి విరిచాడు గానీ, లోపల మురిసిపోయాడు. అతని కంటే ఎక్కువ మురిసింది భార్య రుక్కమ్మ. ముందర గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. పాత ఆటోను ఎన్నడూ ముట్టనిది, దీన్ని మాత్రం వీధిలో నాలుగు రౌండ్లు తిప్పి పట్టేసింది, లైసెన్సు కూడా తెచ్చుకుంది. "మిషను తొక్కుడు కన్నా అల్కగున్నది" అంది.

అంతా బాగానే ఉంది గానీ, కాశయ్య మీసం కిందికి దిగే రోజు రానే వచ్చింది.

ఆదిభట్లలో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్‌లో వంటపని చేసే ముగ్గురు ఆడవాళ్ళను పొద్దున దింపి, సాయంత్రం ఇంటికి తేవడం కాశయ్య ఏళ్ళ తరబడి చేస్తున్న పని. వాళ్ళ పెద్ద ప్రేమమ్మ. చపాతీలు వత్తి వత్తి గట్టిపడ్డ చేతులు, అంతకంటే గట్టి నోరు. మధ్యలో పగలంతా బొంగులూరు దాకా సవారీలు కొట్టుకుని, సాయంత్రం వాళ్ళను ఎక్కించుకుని వస్తే రోజు ముగుస్తుంది. కంపెనీ వాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం రాత్రి పెట్టిన చార్జింగ్ దీనికి సరిపోవాలి. సరిపోలేదు. ఇబ్రహీంపట్నం ఇంకాస్త దూరం ఉందనగా మీటరులో తాబేలు బొమ్మ వెలిగింది. బ్యాటరీ అడుగంటింది, ఇక మెల్లగానే పోతాను అని బండి చెప్పే తీరు అది. పక్కనుంచి సైకిలు మీద ఒక ముసలాయన గడ్డిమోపుతో సహా దాటిపోయాడు. దాటిపోతూ జాలిగా వెనక్కి తిరిగి చూశాడు కూడా. కాశయ్యకు తల కొట్టేసినట్టయింది.

ఒకరోజైతే ఏదోలే అనుకోవచ్చు. ఆ వారంలోనే మళ్ళీ తాబేలు వచ్చింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి చిన్న ఎత్తు కూడా ఎక్కలేక నిలబడితే ముగ్గురూ దిగి తోశారు. తోయడం అయ్యాక ప్రేమమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అంది:

"కాశన్నా, వానల్ల వొచ్చినవ్, జరమొచ్చినా వొచ్చినవ్. కాదంటలేను. గని పొద్దంత పొయ్యి కాడ నిలబడి, మల్ల బండి దొబ్బుడంటే మాతోని గాదు. ఇంకొక్కసారి గీ తాబేలు కనబడ్డదో, దయాకర్ బండి మాట్లాడుకుంటం."

దయాకర్ నిన్నగాక మొన్న స్టాండుకు వచ్చినవాడు. ఎత్తులో, పల్లంలో, స్పీడ్ బ్రేకరు మీద కూడా ఒకే తీరున పిడి మెలితిప్పే రకం. అతనిదీ ఇదే కంపెనీ బండి, అతనికి తాబేలు రాదు. ఈ ముక్క కాశయ్యకు గుండెల్లో గుచ్చుకుంది. వేరే సవారీలు దొరకవని కాదు. సాయంత్రం గేటు దగ్గర ఆ ముగ్గురూ అటూ ఇటూ చూడకుండా తన బండి వైపు నడిచొస్తారే, ఆ నడక పోతుందని భయం. ఒక మనిషి కోసం మరొకరు నిశ్చింతగా ఎదురుచూడటం కంటే గౌరవం ఏముంటుంది?

ఇక ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం సవారీలు మానుకుని, స్టాండులో ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టసాగాడు. దొంగతనంగా బీడీ తాగే కుర్రాడిలా గేటు వేసి మరీ పెట్టేవాడు. మైలేజీ కాశయ్య మధ్యాహ్నం చార్జింగ్ పెడుతున్నాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా!

తీరిక చూసుకుని సర్వీసు సెంటరుకు పోయాడు. అక్కడి టెక్నీషియన్ వెంకటసాయి కోస్తా వైపు నుంచి వచ్చి బొంగులూరులో స్థిరపడ్డ కుటుంబం కుర్రాడు, మర్యాదస్తుడు. బండికి లాప్‌టాప్ తగిలించి అంతా చూశాడు.

"బ్యాటరీ నిక్షేపంలా ఉందండి బాబాయిగారూ. మోటారూ బాగుంది. బ్రేకులే కాస్త తొందరగా అరిగాయి, బరువు ఎక్కువ వేస్తున్నారేమో."

"ముగ్గురే ఎక్కుతరు. గండ్ల ఒకామె జర బొద్దుగుంటది, అంతే."

పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పి కూడా చూపించాడు కాశయ్య. సర్వీసు సెంటరు ముందు రోడ్డు బల్ల పరిచినట్టుంటుంది. అక్కడ ఏ లోపమూ కనపడలేదు. "మీ చెయ్యి చాలా నెమ్మదండి, ఇంతకంటే బాగా ఎవరూ నడపలేరు" అన్నాడు వెంకటసాయి. ఆ మెచ్చుకోలు విని కాశయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం క్యాంటీన్ లేదు. మహేశ్వరంలో ఉన్న చెల్లెలి ఇంటికి పోయొస్తానని రుక్కమ్మ బండి తీసుకుపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి కాశయ్య గేటు దగ్గరే నిలబడి, భార్యను పలకరించకుండా ముందు మీటరు వైపు వంగాడు. తను అంత దూరం పోయొస్తే మిగిలే దానికంటే బాగా ఎక్కువే మిగిలి ఉంది.

"నిజం చెప్పు, మీ చెల్లె ఇంటికి పోయినవా, నడుమ నుంచే తిరిగొచ్చినవా?"

"ఏం మనిషివయ్యా! ఇగో, అది పెట్టిన సకినాలు. ఇవి నడుమల దొరికినయా?"

సాక్ష్యం సంచీలో కరకరలాడుతుంటే ఏమంటాడు? "మల్ల కూసో. బొంగులూరు దాకా తోలు. నేను పక్కన కూసుంట" అన్నాడు.

రుక్కమ్మ తోలింది. పిడి తిప్పడం అతనంత నెమ్మదిగా ఏమీ లేదు. ఒకటి రెండుచోట్ల ఆత్రపడింది కూడా. కాశయ్య పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఇంతలో పెద్ద పల్లం వచ్చింది. ఆమె పిడి వదిలేసి ఊరకే కూర్చుంది.

"న్యూట్రల్ గొట్టు!" అని అరిచాడు కాశయ్య.

"ఎందుకు?"

"ఎందుకేందే? పల్లమొచ్చింది కదా!"

"నాకెవలు జెప్పలే గట్ల. వొదిలేస్తే అదే మెల్లగ దిగుతున్నది. బ్రేకు గూడ అవసరం వడ్తలేదు."

నిజమే. బండిని వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకుని ఆపుతున్నట్టు అది నిదానంగా దిగుతోంది. మీటరు మూల ఒక పచ్చదీపం వెలిగి ఉంది. ఇన్నాళ్ళూ అది వెలగగా కాశయ్య చూడలేదు. పాడైందనుకున్నాడు. కింద చదునుకు రాగానే అది ఆరిపోయింది. రుక్కమ్మను మళ్ళీ వెనక్కి తిప్పించి, ఆ దిగుడే రెండోసారి దిగమన్నాడు. మళ్ళీ వెలిగింది. కాశయ్య అక్కడే బండి పక్కకు ఆపించి వెంకటసాయికి ఫోను చేశాడు.

అవతల కుర్రాడు సంగతంతా విన్నాడు. "పల్లంలో న్యూట్రల్ చేస్తున్నారా? అయ్యో బాబాయిగారూ! మీరు చెప్పలేదు, నాకూ అడగాలని తట్టలేదు. మీ చిన్నప్పుడు సైకిలు డైనమో ఉండేదా?"

"ఉండె. టైరుకు ఆనిస్తే లైటు వెలిగేది, తొక్కుడు బరువయ్యేది."

"అదేనండి. పల్లంలో పిడి వదిలేస్తే మీ మోటారే డైనమో అయిపోతుంది. చక్రాలు దాన్ని తిప్పుతాయి, ఆ కరెంటు కంట్రోలర్ ద్వారా మళ్ళీ బ్యాటరీలోకి పోతుంది. అందుకే బరువుగా దిగుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు తీసుకోదు, కాస్త ఖాళీ అయ్యాక తీసుకుంటుంది. మీరు న్యూట్రల్ చేస్తే ఆ దారి మూసేసినట్టే. బండి జోరుగా దిగుతుంది, స్పీడ్ బ్రేకరు దగ్గర మీరు కాలితో తొక్కి ఆపుతారు. రావలసిన కరెంటంతా బ్రేకుల్లో వేడైపోతోంది. మహా అయితే ఓ పదిశాతం తేడా అండి. మీకు తగ్గుతున్నదీ అంతే కదా?"

సరిగ్గా అంతే తగ్గుతోంది. కాశయ్య రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఏ చెయ్యి డీజిల్ చుక్క చుక్కా మిగిల్చిందో, ఆ చెయ్యే ఇప్పుడు పల్లం పల్లానికీ పారబోస్తోంది. పిడి ఇష్టమొచ్చినట్టు తిప్పే దయాకర్‌కు ఆ విద్య రాకపోవడమే కలిసొచ్చింది. సిగ్గూ నవ్వూ కలగలిసి వచ్చాయి అతనికి. రుక్కమ్మ మాత్రం నవ్వు ఒక్కటే ఎంచుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

తెలుసుకోవడం ఒక పూట పని. చేతికి చెప్పడం అలా కాదు. సోమవారం పొద్దున ప్రేమమ్మ వాళ్ళను దింపి వస్తుంటే, పల్లం రాగానే అతనికి తెలియకుండానే ఎడమ చెయ్యి స్విచ్చి తిప్పేసింది. తిట్టుకుని సరిచేశాడు. తర్వాతి పల్లంలో మళ్ళీ అదే పని. మధ్యాహ్నం చార్జింగ్ పెట్టనని పంతం పట్టాడు గనక, ఈ లెక్కన సాయంత్రానికి తాబేలు ఖాయం. ఇంటి ముందు బండి ఆపి, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రుక్కా, సాయంత్రం నువ్వు గూడ రా. నాది నాకు ఎర్కయితలేదు. చెయ్యి వోయినప్పుడల్ల ఒక్కటియ్యి."

మొగుణ్ణి కొట్టమని మొగుడే పిలిచాక ఏ భార్య కాదంటుంది? ముందు సీటులో అతని పక్కన ఇరుక్కుని కూర్చుంది. గేటు దగ్గర ప్రేమమ్మ వాళ్ళు ఎక్కారు. మొదటి పల్లంలో చెయ్యి కదిలింది, ఫటీమని దెబ్బ పడింది. వెనక ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"ఏందక్కా, ఏమైంది?"

"ఏం గాలే. కరెంటు మిగులుతున్నది."

రెండో పల్లంలో వెనకనుంచి ముగ్గురూ ముందే అందుకున్నారు: "అక్కా, పోతున్నది, పోతున్నది చెయ్యి!" మొన్న తాము తోసిన ఎత్తు వచ్చింది. ప్రేమమ్మ దిగడానికి చెప్పులు కూడా సర్దుకుంది. బండి దాన్ని మారు మాట లేకుండా ఎక్కేసింది. ఇబ్రహీంపట్నంలో దిగాక ప్రేమమ్మ వంగి మీటరు చూసింది. తాబేలు లేదు. "రేపు గదే టైముకు రా కాశన్నా" అని మాత్రం అంది. కాశయ్యకు ఆ రాత్రి అన్నం రుచిగా అనిపించింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం రుక్కమ్మ రావడం అలవాటైంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఇద్దరూ అలా పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటూ రోడ్డు మీద పోయింది లేదు. అతను చీకటితో పోయేవాడు, ఆమె మిషను దగ్గరుండేది. ఇప్పుడు పోయేటప్పుడు బండి ఖాళీ, చప్పుడు లేదు, ఎంత మెల్లగా మాట్లాడినా వినపడుతుంది. కొత్త వెంచర్ల బోర్డులు చదువుకుంటూ, లేని పైసలతో ప్లాట్లు కొనేవాళ్ళు. తూర్పు ముఖం ప్లాటు కోసం ఒకరోజు నిజంగానే పోట్లాడుకున్నారు. కాశయ్యకు అది బాగుంది. చెప్పొద్దూ, చాలా బాగుంది.

రోజులు గడిచేకొద్దీ దెబ్బలు తగ్గాయి. చెయ్యి దారికొచ్చింది. పల్లం వచ్చినా ఎడమ పిడి మీదే బుద్ధిగా కూర్చుంటోంది. ఒక సాయంత్రం ఆదిభట్ల నుంచి వస్తూ రుక్కమ్మ అంది:

"ఇగ నీ చెయ్యి నేర్చింది. రేపటి సంది నేనెందుకు? ఇంటికాడ జాకెట్లు కుప్ప వడ్డయి."

ముందర పెద్ద పల్లం కనిపిస్తోంది. బండి అంచు దాటి వంగగానే పచ్చదీపం వెలిగింది. కాశయ్య రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా, ఎడమ చెయ్యి పిడి మీదినుంచి తీసి, నెమ్మదిగా, పూర్తిగా తెలిసే, స్విచ్చి న్యూట్రల్‌కు తిప్పాడు. దీపం ఆరిపోయింది. బండి జారిపోసాగింది. పుట్టి బుద్ధెరిగాక కాశయ్య కావాలని చేసిన దుబారా అదొక్కటే.

వెనకనుంచి ప్రేమమ్మ అరిచింది. "అయ్యో, మల్ల మర్సిండా అక్కా?"

రుక్కమ్మ అతని మొహంలోకి చూసింది. చేత్తో కొట్టలేదు. తనే మెల్లగా స్విచ్చి తిప్పి, కొంగు సర్దుకుని ఇంకాస్త ఆనుకుని కూర్చుంది.

"అవ్ ప్రేమక్కా" అంది. "ఈయనకు ఇంకా రాలే."