తొట్టి మారిన లారీ

ఆయిల్ బూమ్ రోజుల్లో నేను దోహాలో ఒక కరెంటు కంపెనీ యార్డులో గుమాస్తాగా పనిచేశాను. ఉమ్ ఘువైలినా అనే పేటలో ఫ్లాటు, పొద్దున్నే కంపెనీ బస్సు, సాయంత్రం దాకా ఎండలో పాత లారీలు. డ్యూటీ నుంచి తప్పించిన బండ్లను వేలానికి పంపేముందు ఏది ఏ బండో తేల్చి, దాని చరిత్ర రాసివ్వడం నా పని. అప్పటికే నంబరు ప్లేట్లు పీకేసి, తలుపుల మీది గుర్తుల్ని తెల్లరంగుతో కప్పేసేవారు. తుప్పు గీకించి, ఛాసిస్ మీది అంకెల్ని సుద్దతో రుద్ది చదివేవాణ్ణి. ఆ నంబరు పట్టుకుని పాత ఫైళ్లు వెతికేవాణ్ణి.

తుప్పు గీకడానికి నాకిచ్చిన మనిషిది నిజామాబాద్ వైపు. ముప్పై దాటినవాడు, మాట తక్కువ. అతని అన్న కూడా ఇదే కంపెనీలో లైన్ల మీద పనిచేసి, ఆరేళ్ల కిందట ఇక్కడే చనిపోయాడని ఒకసారి టీ తాగుతూ చెప్పాడు. క్యాంపులో దొంగసారా తాగి నిద్రలో పోయాడని కంపెనీ ఇంటికి కబురు పంపిందట. ఊళ్లో ఆ మాటే నిలిచిపోయింది. వదిన నలుగురిలోకి రావడం మానేసిందట.

ఒకరోజు మా ముందుకు ఒక బకెట్ లారీ వచ్చింది. స్తంభాల మీద పనికి మనిషిని తొట్టిలో నిలబెట్టి పైకెత్తే బండి. బండి పాతది, తొట్టి మాత్రం కొత్తది. అలాంటి తేడా ఉంటే కారణం రాయాలి. ఫైలు తీశాను. తొట్టి లైనుకు తగిలి కాలిందని, లోపలున్న మనిషి చనిపోయాడని మరమ్మతు కాగితంలో ఉంది. పేరు లేదు. తేదీ, పనివాడి నంబరు ఉన్నాయి.

అనుమానం వచ్చి, అన్న ఏ రోజు పోయాడని అడిగాను. అదే తేదీ. అన్న కార్డు మీది నంబరు అతనికి నోటికి వచ్చు. అదీ కలిసింది.

కాగితం చదివి వినిపించాను. అతను వెళ్లి లారీ ముందు చక్రం మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"సార్, గిది రాసి సంతకం వెట్టి ఇస్తరా? మా వదినకు సూపిస్త. తాగి సచ్చిండని ఊరంత అన్నరు. నేను గూడ నమ్మిన."

మొత్తం ఎత్తి రాశాను. సంతకం దగ్గర చెయ్యి ఆగిపోయింది. దోహా బళ్లో చదువుతున్న నా పిల్లలు గుర్తొచ్చారు.

"సంతకం పెట్టలేను తమ్ముడూ. నా ఉద్యోగం పోతుంది."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముద్ర వేసిమ్మని దాన్ని ఆఫీసులో చూపిస్తే సంతకం లేని కాగితం చెల్లదన్నారట. ఎవరు రాశారని గుచ్చిగుచ్చి అడిగినా నా పేరు చెప్పలేదు. వారం తిరక్కుండా అతని వీసా రద్దు చేసి ఇంటికి పంపించేశారు. నేను మళ్లీ వెతికితే బీరువాలో ఆ ఫైలు లేదు. లారీ చరిత్రలో తొట్టి మార్చడానికి కారణం మామూలు అరుగుదల అని రాయమన్నారు. రాశాను. దాని కింద సంతకం కూడా పెట్టాను.

కొన్నాళ్లకు అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కాగితం వదినకు చదివి వినిపించాడట. ఆమె ఏడవలేదట. కాలిన తర్వాత ఆయన ఎంతసేపు బతికున్నాడని మాత్రం అడిగిందట. ఫైల్లో అది రాసి ఉందా అని నన్ను కనుక్కోమన్నాడు.

లేదని జవాబు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది.