గొర్రెలు తొక్కిన కుంట

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఎండలు ముదిరే మార్చి నెలలో, నీటిపారుదల శాఖలో నన్ను నందిగామ నుంచి జగ్గయ్యపేట సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా మార్చారు. ఆ వయసులో ఇంకా అసిస్టెంట్ ఇంజనీరేనా అని మా తోడల్లుడు ఎత్తిపొడిచేవాడు. నాకు మాత్రం ఆ కుర్చీ ఇష్టం. పైనున్న డిప్యూటీ ఇంజనీరుకు కాగితాలు ఎక్కువ, కిందున్న వర్క్ ఇన్‌స్పెక్టరుకు ఎండ ఎక్కువ. మధ్యలో ఉన్న నాకు రెండూ తగుమాత్రంగా అందేవి.

ఆ మెట్టలో మా పని పెద్ద కాలవలు కాదు. చిన్న చెరువుల గట్లు, పొలాల్లో తవ్విన కుంటలు. వాన నీళ్ళు కుంటలో పట్టి, కార్తీకం దాటాక మిరపకు రెండు తడులు ఇవ్వగలిగితే రైతు గట్టెక్కినట్టే.

నేను చేరిన కొత్తలో ముక్త్యాల రోడ్డు పక్కన ఒక కుంట నీళ్ళు నిలవడం లేదని ఫిర్యాదు వచ్చింది. రైతు పేరు మస్తాన్. అంతకుముందు సిమెంటు లారీ నడిపేవాడు. భార్య జాన్‌బీ పట్టుబట్టి స్టీరింగు మానిపించి, పుట్టింటివారిచ్చిన పొలంలోకి దింపింది. కుంట వానలకు నిండుతోంది, దసరా వెళ్ళేసరికి అడుగు తేలుతోంది. కిందటేడు మిరప కాపు మీద ఉండగా ఎండిపోయింది.

నేను వెళ్ళిన రోజు మస్తాన్ ఎండిన కుంటలో దిగి పీతల బొరియలు పూడుస్తున్నాడు. కుంట కారితే నేరం పీత మీద మోపడం మా ప్రాంతంలో ఆనవాయితీ. పాపం, పీతకు లాయరు లేడు కదా. గట్టు మీద నిలబడిన జాన్‌బీ నాతో మెల్లగా చెప్పింది.

"ఈ ఏడు కూడా నిలవకపోతే మళ్ళీ లారీ ఎక్కుతానంటన్నాడండి. ఆయన బండి నడిపినన్నాళ్ళూ ఫోను చెవి కిందే పెట్టుకుని పడుకున్నాను. ఇంక నావల్ల కాదండి."

గట్టు చుట్టూ తిరిగి చూశాను. బయటి వైపు చెమ్మ లేదు, తుంగ మొలవలేదు. గట్టు కారితే ఆ రెండిట్లో ఒకటి కనిపించాలి. అంటే నీళ్ళు పక్కకు పోవడం లేదు, అడుక్కి దిగుతున్నాయి. గడ్డపారతో కుంట మధ్యలో పొడిపించాను. జానెడు కూడా దిగకుండానే తెల్లటి సుద్ద బయటపడింది. ఆ చుట్టుపక్కల నేలంతా అంతే. పైన నల్లరేగడి, కింద సున్నపురాయి. రేగడి నీటిని ఆపుతుంది. సుద్ద జల్లెడ.

ఏటా పూడిక తీస్తారా అని మస్తాన్‌ను అడిగాను.

"తియ్యకుండా ఎట్టా సార్? మిరపకి దాన్ని మించిన బలం ఏముంది? గీకి గీకి తోలుకుంటాం."

అక్కడే ఉంది తంటా. వేసవిలో కుంట మట్టి పొలానికి తోలుకోవడం మెట్టరైతుకు తాతల నాటి అలవాటు, మంచి అలవాటు కూడా. కానీ బలం మీద ఆశ కొద్దీ మస్తాన్ పూడికతోపాటు అడుగునున్న రేగడి పొరను కూడా పొలానికి చేర్చాడు. నీటిని ఆపే మట్టి మిరప మొక్కల కింద ఉంది, నీళ్ళు సుద్దలోకి పోతున్నాయి.

పొలంలో మట్టి తిరిగి కుంటలో వెయ్యాలన్నాను. మస్తాన్ నన్ను ఎగాదిగా చూశాడు. పంట పండే మట్టి తీసి గుంటలో పోస్తారా, మీరు చదివింది ఇదేనా అన్నట్టుంది ఆ చూపు. పాలిథిన్ షీటు పరవమన్నాడు. గేదె ఒక్కసారి దిగితే షీటు చిరుగుతుందని చెప్పాను. మాట తెగడం లేదు. చివరకు జాన్‌బీ కలగజేసుకుంది.

"తూర్పు మూల తీసుకోండి సార్. చేనంతా ఎండేకన్నా మూల పోతే పోయింది."

పొలం ఆవిడది. మస్తాన్ గడ్డపార భుజాన వేసుకుని తూర్పు మూలకు నడిచాడు.

మట్టి పోస్తే సరిపోదు, కుదించాలి. గట్లకు మేము వాడే రోలరు చక్రం నిండా గొర్రె గిట్టల్లాంటి ఇనప బుడిపెలు ఉంటాయి. నున్నటి రోలరు పైపైన అణిచి వదిలేస్తుంది. ఇది లోపలికి దిగి ఒక పొరను ఇంకో పొరతో కలిపేస్తుంది. అయితే ఆ యంత్రం అంత చిన్న కుంటలోకి దిగదు, దిగినా తిరగదు. ఇనప గిట్టలు రాకపోతే అసలు గిట్టలే తెద్దామనుకున్నాను.

ఏటా వేసవిలో రెడ్డిగూడెం వైపు నుంచి కొండయ్య అనే కాపరి మందతో వచ్చి ఆ పొలాల్లో మంద కట్టేవాడు. అంటే గొర్రెల్ని చేలో ఆపడం, ఎరువు కోసం. ఈసారి చేలో కాదు, కుంటలో తోలమన్నాను. ఎరువంతా కుంట పాలా అని మస్తాన్ గొణిగాడు. పెంట కలిస్తే మట్టి ఇంకా బిగుస్తుందన్నాను. కొండయ్య బాధ వేరు.

"తడిమట్టిలో తిప్పితే జీవాలకి గిట్టలు చెడతాయి సారూ. ఎండెక్కేదాకా తోలతా, ఆపైన తోలను. ఇంకో మాట. నీళ్ళు నిలిస్తే వచ్చే వేసవి నుంచి నా జీవాలు ఇక్కడే తాగాలి."

జాన్‌బీ సరేనంది.

డిప్యూటీ ఇంజనీరు గారు నా ప్రతిపాదన చదివి, గొర్రెలకు రేటు ఏ పద్దు కింద రాయాలో సెలవియ్యమన్నారు. చివరకు ఆయనే ట్రాక్టరు, మట్టి పనికి మాత్రం మంజూరిచ్చి, గొర్రెల సంగతి తాను విననట్టు ఊరుకున్నారు. మంచి మనిషి.

పని మొదలైంది. రేగడిని పొరలు పొరలుగా పరిచి తడిపాం. ఇందులో కీలకం పదును. పిడికెడు మట్టి పిసికితే ముద్ద కావాలి, అరచేతికి అంటుకోకూడదు. ఆ పదునొచ్చాక కొండయ్య అదిలిస్తే మంద గిరగిరా తిరిగేది. గొర్రెల అరుపులు, తడిసిన రేగడి వాసన, రోడ్డు మీద లారీలాపి చూసే డ్రైవర్ల పరిహాసాలు. మస్తాన్ పాత స్నేహితులే కొందరు "ఏం భాయ్, గొర్రెలకి ఈత నేర్పుతున్నావా?" అని కేకలేసేవారు. మొదట్లో తలదించుకున్నవాడు తరవాత తనే మంద వెనక చెప్పులు విప్పి తిరిగాడు. ఉద్యోగంలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ. ఆ వాసన ఇప్పటికీ కావాలనిపిస్తుంది.

వానలు పడ్డాయి, కుంట నిండింది. దసరా వెళ్ళాక కుంటలో గీతలు పెట్టిన కర్ర పాతి, పక్కనే నీళ్ళు నింపిన బక్కెట్టు ఉంచాను. బక్కెట్టులో తగ్గింది ఎండ తాగిన నీరు. కుంటలో అంతకన్నా ఎక్కువ తగ్గితే, ఆ ఎక్కువ నేల తాగినది. వారం తరవాత చూస్తే రెండింటికీ తేడా ఉంది, కానీ వేలెడు కూడా లేదు. మట్టి కుంట అన్నాక ఆ మాత్రం తాగుతుంది.

విరమణ తరవాత ఒక వేసవి వేదాద్రి వెళ్తూ ఆగాను. కొండయ్య గొర్రెలు కుంటలో అడుగున మిగిలిన నీళ్ళు తాగుతున్నాయి. కుంటలో నాలుగు వైపులా రాళ్ళు పాతి ఉన్నాయి, పూడిక ఆ రాళ్ళ తల దాటి కిందికి తియ్యకూడదని జాన్‌బీ ఆంక్ష. మస్తాన్ కల్లంలో ఎండిన మిరపకాయలు కుప్పగా ఎగదోస్తున్నాడు. లారీ సంగతేమిటని సరదాగా అడిగాను.

"లైసెన్సు గడువు పోయింది సార్," జాన్‌బీయే జవాబిచ్చింది. "మళ్ళీ రాయించలేదు."

ఆ కుంట తరవాత, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, నేను కుంటలు చూడటానికి వెళ్ళిన ప్రతిచోటా మొదటి ప్రశ్న మార్చుకున్నాను. నీళ్ళు ఎటు పోతున్నాయని కాక, ఇక్కడి నుంచి మీరు ఏం తీసుకెళ్ళారని ముందు అడిగేవాణ్ణి. చాలాసార్లు అక్కడితోనే సంగతి తేలిపోయేది.