కంబళి బనీను

ఒక అబద్ధాన్ని ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను. నెత్తిమీద మూటైతే ఎక్కడో ఒకచోట దించుకోవచ్చు. ఇది పంటి సందులో ఇరుక్కున్న పీచు లాంటిది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. నాలుక అన్నాను గనక చెబుతున్నాను, మా ఇంటా బయటా నాతో వాదానికి దిగి గెలిచినవాళ్లు తక్కువ. గెలిచిన ఒక మనిషిని నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. ఊర్లు మార్చలేదు.

తొంభైల మధ్యలో మాట. నేను బి.ఎస్సీ. ముగించి ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. తమ్ముడు ప్రసాదు ఉదయగిరిలో ఉండేవాడు, పోలీసు సెలక్షన్ల కోసం రోజూ ఒళ్లు హూనం చేసుకునేవాడు. వాడికి పెళ్లై ఏడాది నిండలేదు. భార్య సలోమి కలువాయి వైపు పిల్ల. ఏడో తరగతితో బడి మానేసింది. ఆ సంగతి నేను ఎప్పుడూ పైకి అనలేదు. అనకపోయినా మరిచిపోలేదు.

ఆ ఏడు ఉదయగిరి కుర్రాళ్ల సంఘం ఒక పోటీ పెట్టింది. ఒకే మనిషి ఈది, సైకిలు తొక్కి, పరుగెత్తే పందెం బయటి దేశాల్లో ఉందనీ, దాన్ని ట్రయథ్లాన్ అంటారనీ డ్రిల్లు మాస్టారు ఏదో పత్రికలో చదివాడు. ఇంకేం? పొద్దున్నే చెరువు ఈదాలి, ఆ తడి ఒంటితోనే సైకిలెక్కి ఆత్మకూరు పోయి తిరిగి రావాలి, ఆపైన దుర్గం కొండ మొదలు దాకా పరుగు. ఎండాకాలం పోయాక మంచి రోజులు చూసుకునే పెట్టారు గానీ, ముఖ్య అతిథికి తీరిక లేక రెండుసార్లు వాయిదా పడింది. చివరికి కార్తీకంలో, వాయుగుండం పట్టిన వారంలో వచ్చి పడింది. మానేయొచ్చు కదా అంటారా? మూడోసారి కరపత్రాలు అచ్చేశాక ఎవరు మానతారు?

పోటీకి ముందు ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక, ఉదయగిరిలో మా ఇంట్లో వాదన మొదలైంది. అన్ని గంటలు వానలో సైకిలు మీద చలికి తట్టుకోవడం ఎట్లా? నేను చెప్పాను: ఒంటికి ఆనించి పేపరు మడతలు పెట్టుకోవాలి, వాటిమీద యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరు కత్తిరించి వేసుకోవాలి, దానిమీద చొక్కా. నీళ్లు లోపలికి రావు, వేడి బయటికి పోదు. సలోమి అప్పటికే వాళ్ల నాయన పాత కంబళిని కత్తిరించి చేతుల్లేని బనీను కుడుతోంది. నల్లటి ముతక ఉన్ని. ఆయన బతికున్నన్నాళ్లూ దాన్నే కప్పుకొని కలువాయి కొండల్లో మేకలు కాశాడట.

"మొగుడికి కుడతన్నావా, పొట్టేలుకు కుడతన్నావా?" అన్నాను. అందరూ నవ్వారు. సలోమి నవ్వలేదు. సూది ఆపకుండానే అంది, "తడిసినా ఎచ్చంగా ఉండేది కంబళే వదినా. నువ్వు చెప్పే కవరులో నీళ్లు బయటినుంచి రావు, లోపల్నుంచి వస్తాయి. చెమటని యాడికి పంపిస్తావు?"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. తడిసిన కంబళి ఎంత బరువో తెలుసా అన్నాను, చదువు గురించి కూడా ఏదో అన్నాను. ప్రసాదే తీర్పు చెప్పాడు: పోయేటప్పుడు అక్కది, వచ్చేటప్పుడు సలోమిది. బనీను, పొడి టవలు, అరటిపండ్లు ఒక సంచిలో పెట్టి పొద్దున మొదటి బస్సుకు ఆత్మకూరు పంపాలి. నేను అక్కడ తీసుకొని ఉంచాలి. సైకిళ్లు వెనక్కి తిరిగే చోట బల్ల వేసుకొని కూర్చునే పని సంఘంవాళ్లు నాకే ఇచ్చారు.

బస్సు వచ్చింది. సంచి వచ్చింది. అరటిపండ్లు తీసి బల్లమీద పెట్టాను, టవలు తీశాను. కింద బనీను ఉంది, నాలుగు మడతలు పెట్టి. దాన్ని తీసి నా చేతిసంచిలో కుక్కాను. ఎందుకు? ఇన్నేళ్లుగా అక్కడే ఆగిపోతాను. వాడు వచ్చి, "అక్కా, నీ కవరే బాగుండాది, అది వద్దులే" అంటాడని ఆశపడ్డానా? బనీను వాడికి కనబడకపోతే అడగడనుకున్నానా? లేక బల్ల దగ్గర సాయానికి వచ్చిన తోటి టీచర్ల ముందు ఆ ముతక గుడ్డ తియ్యడానికి నామోషీ పడ్డానా? వాళ్లకు నా ప్లాస్టిక్ సిద్ధాంతం రెండు రోజులుగా చెబుతున్నాను మరి. అప్పుడు ఏ ఉద్దేశమూ లేదనే అనుకుంటాను. ఉద్దేశం లేకుండా చెయ్యి కదులుతుందా?

ప్రసాదు రెండోవాడుగా వచ్చాడు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చొక్కా పైకెత్తితే కవరు లోపల నీళ్లు కారుతున్నాయి. చెమట నీళ్లే. పేపర్లు గుజ్జయి పొట్టకు అతుక్కున్నాయి. సలోమి చెప్పింది చెప్పినట్టు.

"బనీను ఏదక్కా?"

"పెట్టలేదురా. మరిచిపోయినట్టుండాది."

"మరిచిపోయిందా? నిన్న రాత్రి మడిచి పెడతా ఉంటే చూసినానే!"

"సంచి నీ ముందరే ఉండాది, చూసుకో. పండ్లు గుర్తున్నాయి మహాతల్లికి."

వాడు సంచిని తలకిందులు చేసి దులిపాడు. "ఏందక్కా ఇది," అన్నాడు, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. టీ తాగించాను. ఒళ్లు తుడిచి పొడి పేపర్లు పెట్టాను. మళ్లీ ఇంకో కవరు తొడిగాను. ఔను, నా చేతులతోనే. వాడు ఎక్కి పోయాడు. నా చేతిసంచి నా ఒళ్లోనే ఉంది. పిలిస్తే వినపడేంత దూరంలో ఉన్నాడు. పిలవలేదు.

ఉదయగిరి ఇంకా కొంత దూరం ఉందనగా ఒక కల్వర్టు దగ్గర ఎద్దులబండి అడ్డం వచ్చిందట. బ్రేకు పట్టడానికి వేళ్లు ముడుచుకోలేదట. కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. పోలీసు ఉద్యోగం మెడికల్‌లోనే పోయింది. ఇప్పుడు వింజమూరులో విత్తనాల షాపులో పనిచేస్తున్నాడు.

నా తరఫున నేనే ఎన్నోసార్లు వాదించుకున్నాను. బనీను గుండెకు గానీ వేళ్లకు కాదు కదా, అది వేసుకున్నా వేళ్లు మొద్దుబారేవి కదా అని. కానీ ఒళ్లు చల్లబడితే నెత్తురు ముందుగా వేళ్లను వదిలి లోపలికి పోతుందని ఎనిమిదో తరగతికి పాఠం చెప్పింది ఎవరు? పోనీ, వేసుకున్నా పడేవాడేమో. పడేవాడు కాదేమో. ఇది తేలదు. తేలని దాని వెనక దాక్కోవడం నాకు బాగా అలవాటైంది.

తేలేది ఒకటి ఉంది. ఆస్పత్రిలో సలోమి వెక్కుతూ, పెట్టినానని ఒట్టు పెట్టింది. అమ్మ ఆమె మీద విరుచుకుపడింది. ఆ తర్వాత అందరూ నా వైపు చూశారు. "సంచిలో లేదు," అన్నాను. వాడు అడిగిన వేళకు అది సంచిలో లేని మాట నిజమే. చూశారా, వకీలు బుద్ధి. ఏడో తరగతి మాటా, బి.ఎస్సీ. మాటా? మా ఇంట్లో ఎవరూ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆ బనీను వారం రోజులు నా పెట్టెలో ఉంది. తర్వాత ఆత్మకూరు బస్టాండులో దగ్గుతూ కూర్చున్న ఒక ముసలాయనకు ఇచ్చేశాను. ఇచ్చి, మంచి పని చేశానని కూడా అనుకున్నాను. చచ్చిపోయిన మనిషి గుర్తుగా ఆయన బిడ్డకు మిగిలింది ఆ గుడ్డ ఒక్కటేనన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు. తట్టినా ఇచ్చేదాన్నేమో.

ప్రసాదు చెడ్డవాడు కాదు. కొట్టలేదు, వదిలెయ్యలేదు. కానీ పాలు పొంగినా, తాళంచెవి కనబడకపోయినా, "బనీను మరిచిన మనిషివి కదా" అంటాడు. మొదట్లో సలోమి పోట్లాడేది. పెట్టినాను, టవలు కింద పెట్టినాను అని. తర్వాత ఏడ్చేది. ఆ తర్వాత నవ్వడం నేర్చుకుంది.

పోయిన వానాకాలం వింజమూరు వెళ్లాను. ఇద్దరం కూర్చొని వేరుశనక్కాయలు వొలుస్తున్నాం. చెయ్యి ఆపకుండానే అంది, "వదినా, మొదట్లో నేనే ఒట్లేసి చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నాకే తెలీడంలా. మడిచినాను, అది గ్యాపకం ఉండాది. సంచిలో పెట్టినానో మంచం మీదే వదిలినానో. నిజంగానే మరిచిపోయినానేమో. నువ్వు చూసినావు గదా, లేదు గదా?"

నేను తల ఊపాను.

తమ్ముడి చెయ్యి వంకరపోయింది, సరే, దానికి వాన ఉంది, బండి ఉంది, కల్వర్టు ఉంది. ఇది మాత్రం ముమ్మాటికీ నేనొక్కదాన్నే చేశాను. ఒక మనిషి తన కళ్లతో చూసి, తన చేతులతో చేసిన పనిని ఆమె బుర్రలోంచే తీసేశాను. ఆమె నన్ను నమ్మి తనను తాను నమ్మడం మానేసింది. ఇది దొంగతనమా? ఇంకేమన్నానా? దీనికి మాట దొరకడం లేదు, అన్నిటికీ మాట దొరికే నాకు.

సలోమికి చెబుతానా? తెలియదు. చెబితే ఆమెకు మేలా, నాకు మేలా, అదీ తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరెవరు క్షమించడానికి? ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు రాసి ఉండాలనిపించింది, అంతే.

సలోమి మరిచిపోలేదు. బనీను సంచిలోనే పెట్టింది, టవలు కింద. తీసింది నేను.

రాశాను. చదువుకుంటే మూడే వాక్యాలు. ఊపిరి కాస్త లోపలి దాకా పోతోంది.