చెంబెడు వాన

గద్వాల దగ్గరి గట్టు నుంచి కర్ణాటక సరిహద్దుకు పోయే తోవలో ఒక ఊరుంది. ఆ ఊళ్లో జోగయ్యను ఇంటిపేరుతో పిలిచినవాళ్లు లేరు. మొదట్లో వానడబ్బా జోగయ్య అన్నారు. ఇరవై రెండేళ్లుగా నలభైరెండు జోగయ్య అంటున్నారు. మొదటి పేరు ఉద్యోగం వల్ల వచ్చింది. రెండోది ఉన్నది ఉన్నట్టు రాసినందుకు వచ్చింది. అలా రాసేవాడికి మన దగ్గర దక్కేది వెక్కిరింపు పేరే కదా!

ఊరవతల సర్కారువారి విత్తనాల తోట ఒకటి ఉండేది. ఏడో తరగతి తప్పి, తండ్రి వాటాకు వచ్చిన రాళ్ల చెలకలో ఆముదాలు కూడా సరిగ్గా మొలవక, ఇరవై ఆరేళ్ల వయసులో జోగయ్య అందులో పనికి కుదిరాడు. తోటలో ముళ్లకంచె లోపల ఒక డబ్బా పాతి ఉండేది. పైన గరాటు, లోపల సీసా. పొద్దున సరిగ్గా ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లు గీతల గ్లాసులో పోసి, ఏ గీత దాకా వచ్చాయో రిజిస్టర్లో ఎక్కించాలి. ఐదు నిమిషాల పని. దాన్ని ఆయన పూజలా చేశాడని అనను, పూజనైనా మనవాళ్లు అప్పుడప్పుడు ఎగ్గొడతారు. ఈయన ముప్పై నాలుగేళ్లలో ఒక్క పొద్దు తప్పలేదు. భార్య రుక్కమ్మ గద్వాల దవాఖానలో కాన్పు నొప్పులు పడుతుంటే, సైకిలెక్కి వచ్చి, చుక్క వాన లేని డబ్బా చూసి, సున్నా రాసి వెళ్లాడు. రుక్కమ్మ ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

"సున్నా రాసెటందుకు ముప్పై మైళ్లు తొక్కిండమ్మా నా మొగడు. నేనాడ సచ్చిన్నో బతికిన్నో గూడ రిజిస్టర్లనే చూసుకునేటోడు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

పనిలో చేరిన కొత్తలో తోట పెద్దసారు ఆయనకు ఒక్కటే పాఠం చెప్పాడు. "గ్లాసుల ఎంతుంటే గంతే రాయి. నీ తెలివి దాంట్ల కలపకు. ఏమన్న చెప్పేదుంటే పక్కన రిమార్కుల గడి ఉంది, అండ్ల రాయి." జోగయ్యకు ఆ మాట వేదమైపోయింది. రిమార్కుల గడి చదివే అధికారి ఇంకా తల్లి కడుపులోనే ఉన్నాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ పాడు సంవత్సరం. మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, పునర్వసు కూడా పోతోంది. వేసిన విత్తనం మట్టిలోనే మాడిపోయింది. అప్పుడు ఊరి ఆడవాళ్లు కప్పతల్లి ఆడారు. రోకలికి తడిబట్టలో కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోస్తారు. ముందు నడిచింది జోగయ్య సొంత అక్క ఈదమ్మ. ఊరంతా తిరిగాక ఆమెకు ఒక ఆలోచన తట్టింది. ఏ పుణ్యాత్ముడు తట్టించాడో!

"మొగులుకు మన మాట ఇనబడుతలేదు. సర్కారుకు చెప్పేది ఆ డబ్బానే గదా. దానికి గూడ ఒక చెంబు పోద్దాం. నోరు తడిస్తే అదే పిలుస్తది వానను."

అందరికీ సబబే అనిపించింది. కంచె తడక తోసి, గరాటుకు పసుపూ కుంకుమా పెట్టి, చెంబెడు నీళ్లు పోసి, దండం పెట్టుకుని వచ్చారు.

మర్నాడు పొద్దున జోగయ్య సీసా తీశాడు. నేల చూస్తే నెర్రెలు బారి ఉంది. గరాటులో వేపాకులు. నీళ్లు పసుపురంగు. అర్థం కాకపోవడానికి ఆయనేం చిన్నపిల్లవాడు కాదు. గ్లాసులో పోసి చూస్తే నలభై రెండు మిల్లీమీటర్లు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. చివరికి సారు చెప్పినట్టే చేశాడు. అంకెల గడిలో నలభై రెండు వేశాడు. రిమార్కుల గడిలో గుండ్రని అక్షరాలతో "కప్పతల్లి నీళ్లు. వాన కాదు" అని రాశాడు. పైవాళ్లు చదువుకుంటారులే అనుకున్నాడు.

పైకి అంకెలు పోయాయి. మాటలు ఇక్కడే మిగిలాయి. ఆ నెలంతా కలిపి పడ్డ నాలుగు చినుకులకు ఈ నలభై రెండు కలిసేసరికి సర్కారు లెక్కలో ఊరు కరువు గీత పైకి తేలింది. చుట్టుపక్కల ఊళ్లకు కరువు పనులు వచ్చాయి, పశువులకు గడ్డి వచ్చింది. ఈ ఊరికి ఏదీ రాలేదు. "మీకు మంచి వాన పడ్డదిగదా" అన్నారు అడగబోయినవాళ్లను. కరువులో అధికమాసమంటే ఇదే.

జనం జోగయ్య ఇంటి మీద పడ్డారు. "ఒక్క సున్న పెడితే నీ అయ్య సొమ్మేం పోతుండె రా?" అని అడిగారు. పోసిన చెంబు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు కానీ, పిడికిలి పట్టే వేళకు జోగయ్య ఒక్కడే దొరికాడు.

పని లేక ఊరు సగం వలసపోయింది. ఈదమ్మ భర్త గోవిందు బొంబాయిలో పునాదులు తవ్వే పనికి పోయాడు. బావా బామ్మర్దులిద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు. మూడో నెలలో మట్టి కూలి గోవిందు కిందనే ఉండిపోయాడు. శవం వచ్చిన రోజు ఈదమ్మ తమ్ముణ్ణి దగ్గరికి రానివ్వలేదు. "గ్లాసు జూసినవ్ గని నన్ను జూడలేదురా నువ్వు" అంది. ఆ మాటే ఆఖరు. రెండిళ్లకూ నడుమ ఒక్క గోడ. ఇరవై రెండేళ్లు ఆ గోడకు అటొకరు, ఇటొకరు.

జోగయ్య రిటైరయ్యాడు. కంచెలో ఇనుప స్తంభం లేచింది, వానను దానంతట అదే కొలుచుకుంటుందట. పాత రిజిస్టర్లు పాత పేపర్ల బండికి ఎక్కిస్తుంటే, ఆయన బతిమాలి ఇంటికి మోసుకొచ్చి ఇనుపపెట్టెలో పెట్టుకున్నాడు.

నిరుడు చలికాలంలో ఆ పెట్టెను వెతుక్కుంటూ శ్రుతి అనే పిల్ల వచ్చింది. హైదరాబాదులో పరిశోధన చేస్తోంది, సొంతూరు బిజినేపల్లి. ఈ మెట్టనేలల్లో ఎండా వానా ఎట్లా మారాయో లెక్క తీయడం ఆమె పని. రిజిస్టర్లు చూసి పిల్ల కళ్లు చెమర్చాయి. "ఒక్క రోజు గూడ ఖాళీ లేదు తాతా! ఇసొంటిది నేనేడ చూడలే" అంది. జోగయ్యను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. ముసలాయన ఉబ్బిపోయి, తెగించి అడిగాడు, ఈ లెక్కలన్నీ ఎందుకని.

ఆమె కాళ్లు ముడుచుకుని కూర్చుని చెప్పింది. "ముందుగాల లోకమంత ఏమనుకునేదంటే, మనిషెంత, మొగులెంత, మనతోని దానికేమైతదీ అని. నూట డెబ్బై ఏండ్ల కింద ఒకామె గాజు గొట్టాలల్ల రకరకాల గాలులు నింపి ఎండల పెట్టింది. బొగ్గు కాలిస్తే లేసే బొగ్గుపులుసు గాలి అన్నిటికంటె ఎక్కువ కాగింది. ఆమె రాసింది సభల ఒక మగాయన చదివిండు. అందరు మర్చిపోయిండ్రు. తర్వాత చలిదేశపాయన ఒకడు ఏడాదిపొడుగు లెక్క జేసి, మనం కాల్చే బొగ్గుతోని భూమి వేడెక్కుతదన్నడు."

"భయపడ్డడా?"

"మురిసిండు తాతా. చలికి సచ్చేటోళ్లు గదా, పంటలు మంచిగైతయనుకున్నడు."

రుక్కమ్మ వాకిట్లోంచి నవ్వింది. "వాళ్లకు చలిమంట, మనకు కొంపమంట" అంది.

అదే కాలంలో అమెరికాలో ఇంకో మాట నడిచిందని కూడా శ్రుతి చెప్పింది. నాగలి పోయిన చోటుకల్లా వాన వెంటబడి వస్తుందని చదువుకున్నవాళ్లే రాశారట. నమ్మి ఎండునేలలు దున్నినవాళ్లు కొన్నేళ్లకు ఆగమైపోయారట. జోగయ్య ఉలిక్కిపడి అడిగాడు. "అంటే, సదువుకున్నోళ్లు గూడ గట్ల నమ్మిండ్రా? మా అక్క ఒక్కతే గాదన్నట్టు."

"ఇంకో ముచ్చట" అంది శ్రుతి. "ఆవిరి యంత్రాల ఇంజనీరు ఒకాయన, ఆయనకు వాతావరణం కొలువు కాదు, దేశదేశాల రిజిస్టర్లు పోగుజేసి, ఇంటి కాడ కూసొని లెక్కగట్టి, ఇప్పటికే వేడెక్కింది చూడుండ్రి అన్నడు. పెద్దలు నమ్మలే. అటెనుక సముద్రం నడుమ కొండ మీద ఒకాయన గాలిల ఆ బొగ్గుపులుసు ఎంతుందో ఏండ్లకేండ్లు కొలిచిండు. పైసలు ఆపేస్తమన్న గూడ ఇడువలే. అప్పుడు నోళ్లు మూతబడ్డయి. ఇదంత నీ అసొంటోళ్ల రాతల మీదనే నిలబడ్డది."

"ఆ రిజిస్టర్లు రాసినోళ్ల పేర్లున్నయా బిడ్డా?"

శ్రుతి "లేవు తాతా" అంది.

అప్పుడు జోగయ్య పెట్టె అడుగు నుంచి ఆ సంవత్సరం రిజిస్టర్ తీసి, ఆ పేజీ ముందు పెట్టి, గోవిందు చావుతో సహా అంతా చెప్పాడు. "గీ ఒక్క అంకె తప్పని నీ బుక్కుల రాయి బిడ్డా. నాకింకేం వద్దు." శ్రుతి ఫోటో తీసుకుంది. రాస్తానని మాటిచ్చింది.

ఆ సాయంత్రమే రుక్కమ్మ గోడ మీదుగా ఈదమ్మకు ఆ సంగతి చేరవేసింది. ఈదమ్మ ఇరవై రెండేళ్లలో మొదటిసారి తమ్ముడి గడప తొక్కి, నిలబడే అడిగింది. "అది కొట్టేస్తే, నేను పోసింది గూడ పోయినట్టేనా?"

"పోయినట్టే అక్కా" అన్నాడు జోగయ్య. మర్నాడు గోడ మీద జొన్నరొట్టె, పుంటికూర వచ్చాయి. ఆ మూడు నెలలు జోగయ్య పెళ్లికొడుకులా తిరిగాడు.

మాఘమాసం చివర శ్రుతి మళ్లీ వచ్చింది. అక్కాతమ్ముళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. పిల్ల మొహం చూడగానే రుక్కమ్మకు సంగతి తెలిసిపోయింది. శ్రుతి తల దించుకునే చెప్పింది. పై ఆఫీసు ఫైల్లో నలభై రెండే ఉంది. దాన్ని మార్చాలంటే అసలు రిజిస్టర్లో అంకె వేరుగా ఉండాలి, రిమార్కుల మాట చెల్లదు. వాళ్ల ప్రొఫెసరు వదిలేయమన్నాడు. ముప్పై నాలుగేళ్ల లెక్కలో ఒక్క రోజు ఎంత? నలభై రెండున్నా, సున్నా ఉన్నా తేలేది ఒకటే. ఎండలు పెరిగాయి, వాన దినాలు తగ్గాయి.

"ఫరక్ లేదా?" అంది ఈదమ్మ.

"లేదవ్వా."

"మా ఇంటాయన పాయె గద బిడ్డా దానికి."

ఈదమ్మే లేచి, ఇనుపపెట్టె తీసి, ఆ రిజిస్టర్ తమ్ముడి ఒళ్లో పెట్టింది. "అసలుదాంట్ల వేరే ఉంటే మారుస్తరంట గదా. అసలుది నీ తాన్నే ఉంది. కొట్టేసి సున్న పెట్టు రా."

కావాలంటే శ్రుతి చూడనట్టు మొహం పక్కకు తిప్పుకునేదే. జోగయ్య పెన్ను తీసుకున్నాడు. అంకె మీద పెట్టాడు కూడా. పెన్ను కింద పెట్టేశాడు.

"రాయలేనక్కా. ఆ పొద్దు గ్లాసుల నలభై రెండే ఉండె. గిది దిద్దిన్నంటే కడమయి గూడ దిద్దినయే అంటరు. ఎండలు పెరిగినయని ఈ పిల్ల చెప్తే ఎవడు నమ్ముతడు?"

"ఎవడు నమ్మకుంటె నీకేంది? నేను నమ్మితిని గదరా! కొట్టేస్తవని నమ్మి నీ గడప తొక్కితిని." ఈదమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. "అప్పుడు నీకా గ్లాసే ఎక్కువాయె, ఇప్పుడు గూడ అదే ఎక్కువాయె. నేను సస్తే నా పాడె ముట్టకు."

ఆమె వెళ్లిపోయింది. జోగయ్య రిజిస్టర్ పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తెలివిమాలిన మనిషీ, ఒక్క సున్నా కదా అని నాకే అరవాలనిపిస్తుంది. అరిచినా వినేరకం కాదు.

ఆ ఎండాకాలమే ఈదమ్మ మిరప కల్లంలో వడదెబ్బ తగిలి పడిపోయింది. గద్వాల చేరేలోపే ప్రాణం పోయింది. పాడె లేపేటప్పుడు ముందు కొమ్ముకు తమ్ముడు రావాలని పెద్దవాళ్లు కేకేశారు. జోగయ్య రాలేదు. చేతులు కట్టుకుని గోడవారన నిలబడ్డాడు. ఆ కొమ్ము పక్కింటివాడు పట్టాడు.