పాత డాక్టరు కంటపడకుండా

మీ ఆయాసం సంగతి విని డాక్టరు నవ్వితే, మీరూ నవ్వి ఊరుకుంటారా?

రెండువేల సంవత్సరం దాటాక ఓ వేసవిలో, కూర్మన్నపాలెంలో ఎక్కిన బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. మల్కాపురంలో ఒక క్లినిక్ కనబడగానే కొంగు ముఖం మీదికి లాక్కుని సీట్లో ఒదిగిపోయింది.

"ఎవరైనా తరుముతున్నారా అమ్మా?" అన్నాను.

"అది మా పాత డాక్టరు గారిది బాబూ. కొత్త గుండె డాక్టరు కాడికెల్తన్నాను. సూసీరంటే ఏటనుకుంటారో!"

"ఆయనేమన్నారు?"

"మెట్లెక్కితే ఊపిరాడ్డం లేదంటే, టీవీ సీరియల్లు మానీమని నవ్వీసినారు. మా ఆయన్ని బతికించినోరు కదా, ఆరి కాడికెల్లడం మానీడానికి మొకమాటం. దసరా నుంచీ ఓర్సుకున్నాను."

నాకు ఒళ్లు మండింది. "మీ ఆయన్ని బతికించినందుకు మీరు చావాలా?" అన్నాను.

"అందుకే కదా ఎల్తన్నాను! అరవకండి బాబూ, ఎవులైనా ఇంటారు."

టౌనులో దిగి, కరెంటు స్తంభం పట్టుకుని ఊపిరి కూడదీసుకుంటూ నిలబడింది. బస్సు కదిలిపోయింది. తర్వాత ఆవిడకేమైందో నాకు తెలియదు. తలచుకుంటే ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను.

మొహమాటాన్ని మర్యాద అనకండి. మీ బాధ వినని డాక్టరుకు ఒక దండం పెట్టి, ఈరోజే ఇంకో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి.